కాన్పు నొప్పులు: తగ్గించే మందు వేరు, పెంచే మందు వేరు

కాన్పు ఆడదానికి మరుజన్మ అంటారు పెద్దలు. ఆ మాటలో భయమూ ఉంది, గౌరవమూ ఉంది. తొమ్మిది నెలలు మోసిన తల్లి నొప్పులు పడే వేళ ఇంటిల్లిపాదికీ రెండే కోరికలు. ఒకటి, ఆమె బాధ తగ్గాలి. రెండు, కాన్పు త్వరగా తెమలాలి. రెండు కోరికలూ న్యాయమైనవే. కాని ఈ రెండింటికీ ఒకటే సూది ఉందని చాలామంది అనుకుంటారు. అక్కడే ప్రమాదం వస్తోంది.

బాధను తగ్గించే మందులు ఉన్నాయి. నొప్పులను పెంచే మందు కూడా ఉంది. పల్లెల్లో "నొప్పుల సూది" అని పిలిచేది ఈ రెండోది. దాన్ని మొదటి రకం అనుకుని ఇంట్లో వేయించుకుంటే తల్లికీ బిడ్డకూ ప్రాణం మీదికి వస్తుంది. ఈ తేడా భార్యాభర్తలిద్దరికీ తెలియాలి. అందుకే ఈ పాఠం.

నొప్పులు ఎందుకు వస్తాయి?

గర్భసంచి కండతో చేసిన సంచి వంటిది. నెలలు నిండాక ఆ కండ బిగుసుకుంటుంది, మళ్ళీ వదులవుతుంది. బిగుసుకున్నప్పుడు నొప్పి, వదులైనప్పుడు విశ్రాంతి. ఇలా బిగిసి వదులుతూ ఉంటే సంచి మూతి కొద్దికొద్దిగా తెరుచుకుంటుంది. పూర్తిగా తెరిస్తే 10 సెంటీమీటర్లు, అంటే బిడ్డ తల పట్టేంత. ఇది మొదటి దశ. తొలికాన్పులో ఈ దశకు 12 గంటలు పట్టవచ్చు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. తర్వాతి కాన్పుల్లో సాధారణంగా త్వరగా అవుతుంది. ఈ దశలో పొత్తికడుపు, నడుము లాగినట్లు నొప్పి పెడతాయి.

రెండవ దశలో తల్లి ముక్కుతుంది, బిడ్డ బయటికి వస్తుంది. అప్పుడు కింది దారి సాగి మంట, నొప్పి కలుగుతాయి. మూడవ దశలో మాయ పడుతుంది.

ఒక సంగతి గమనించండి. నొప్పికీ నొప్పికీ మధ్య వచ్చే విశ్రాంతి తల్లి కోసమే కాదు. గర్భసంచి బిగిసినప్పుడు బిడ్డకు వెళ్ళే రక్తం తగ్గుతుంది. వదులైనప్పుడు బిడ్డ మళ్ళీ ఊపిరి పోసుకున్నట్లు రక్తం అందుకుంటుంది. ఈ విశ్రాంతి లేకుండా చేసే ఏ మందైనా బిడ్డకు ఉక్కిరిబిక్కిరే.

ఒక ఇంటి సంగతి

తరచు జరిగేదే కాబట్టి ఒక ఇంటి కథగా చెప్పుకుందాం. తొలిచూలు కోడలు. తెల్లవారుజామున నొప్పులు మొదలయ్యాయి. మధ్యాహ్నమైనా తెమలలేదు. అత్తగారు కొడుకును పిలిచింది.

"ఒరే నాయనా, పిల్ల తట్టుకోలేకపోతోందిరా. వెళ్ళి ఆర్.ఎం.పి. డాక్టరును పిలుచుకురా. ఒక్క సూది వేస్తే బాధ పోతుంది."

కొడుకు చెప్పులు వేసుకుంటుండగా ఆశా కార్యకర్త వచ్చింది. సంగతి విన్నది.

"పెద్దమ్మా, ఏం సూది వేయిద్దామనుకుంటున్నారు?"

"నొప్పుల సూదేనమ్మా."

"పెద్దమ్మా, అది నొప్పిని తగ్గించేది కాదు. నొప్పుల్ని ఇంకా ఎక్కువ చేసేది. ఇప్పుడే తట్టుకోలేని పిల్ల అప్పుడెలా తట్టుకుంటుంది? అన్నా, మీరు 108కు ఫోన్ చెయ్యండి. తొలికాన్పుకు ఇంత సమయం పట్టడం వింత కాదు. అక్కడ నర్సమ్మ చూసి ఏది అవసరమో అది చేస్తుంది."

ఆ ఇంట్లో ఆశా సమయానికి వచ్చింది. అన్ని ఇళ్ళకూ సమయానికి రాలేకపోవచ్చు. కాబట్టి ఆమె అడిగిన ప్రశ్న మీకే తెలిసి ఉండాలి.

నొప్పులు పెంచే సూది

ఈ మందు పేరు ఆక్సిటోసిన్. ఇది తల్లి ఒంట్లో సహజంగా పుట్టే పదార్థమే. గర్భసంచిని బిగించడం దీని పని. 1953లో దీన్ని ప్రయోగశాలలో తయారుచేయడం సాధ్యమైంది. అప్పటినుంచి ఆసుపత్రుల్లో ఎందరో తల్లులకు ఇది మేలు చేసింది.

ఆసుపత్రిలో దీన్ని ఎలా ఇస్తారో చూడండి. సెలైన్ సీసాలో కలిపి చుక్క చుక్కగా ఎక్కిస్తారు. నర్సు పక్కనే ఉండి 10 నిమిషాల్లో ఎన్ని నొప్పులు వస్తున్నాయో లెక్క పెడుతుంది. అయిదు దాటితే చుక్కలు తగ్గిస్తుంది, లేదా ఆపేస్తుంది. బిడ్డ గుండె నిమిషానికి 110 నుంచి 160 మధ్య కొట్టుకుంటున్నదో లేదో వింటూ ఉంటుంది. అవసరమైతే ఆపరేషను చేయగల చోటు కావాలి.

ఇంట్లో కండకు సూది వేస్తే ఏమవుతుంది? ఒంట్లోకి పోయిన మందును వెనక్కు తీయలేము. చుక్కలు ఆపే వీలు లేదు. నొప్పులు ఎడతెరిపి లేకుండా వస్తాయి. బిడ్డకు రక్తం అందదు. బిడ్డ అడ్డంగా ఉన్నా, దారి ఇరుకైనా గర్భసంచి చిట్లిపోవచ్చు. ఇదివరకు పెద్దాపరేషన్ అయిన తల్లికీ, నాలుగైదు కాన్పులు అయిన తల్లికీ ఈ ప్రమాదం మరీ ఎక్కువ. భరించలేని నొప్పులు వస్తూ వస్తూ ఒక్కసారిగా ఆగిపోయి, తల్లికి చెమటలు పట్టి కళ్ళు తిరిగితే, రక్తం పోతే, నొప్పి తగ్గిందని సంతోషించకండి. గర్భసంచి చిట్లి ఉండవచ్చు. క్షణం ఆలస్యం చేయక 108కు ఫోన్ చేయండి. మామూలు ఆరోగ్య కేంద్రానికి కాదు, రక్తం ఎక్కించి ఆపరేషను చేయగల ఆసుపత్రికే తీసుకువెళ్ళమని చెప్పండి.

అయితే ఇదే ఆక్సిటోసిన్ బిడ్డ పుట్టిన తర్వాత తల్లి ప్రాణం కాపాడుతుంది. బిడ్డ పుట్టిన నిమిషంలోపే 10 యూనిట్ల సూది తొడకు వేస్తారు. గర్భసంచి గట్టిగా బిగిసి, రక్తస్రావం ఆగుతుంది. ఆ సూదిని వద్దనకండి. బిడ్డ పుట్టక ముందు ఇంట్లో వేస్తే హాని చేసే మందే, పుట్టాక రక్షగా నిలుస్తుంది. మందు మంచిదా చెడ్డదా అన్నది ఎప్పుడు, ఎక్కడ, ఎవరి చేత అన్నదాన్ని బట్టి ఉంటుంది.

నొప్పులు రావాలని ఆముదం తాగించడం, కషాయాలు పోయడం కూడా మంచిది కాదు. విరేచనాలై తల్లి నీరసిస్తుంది.

బాధ తగ్గించే మందులు

కాన్పు బాధకు మందు ఇవ్వడం కొత్త సంగతి కాదు. 1847లో స్కాట్లండులోని ఎడింబరోలో జేమ్స్ యంగ్ సింప్సన్ అనే వైద్యుడు కాన్పులో మొదట ఈథర్, తర్వాత క్లోరోఫారం వాడాడు. దేవుడిచ్చిన బాధను తగ్గించడం తప్పని అక్కడా కొందరు వాదించారు. 1853లో విక్టోరియా రాణి తన కాన్పులో క్లోరోఫారం తీసుకున్నాక ఆ వాదన బలం తగ్గింది. మన హైదరాబాదులోనూ నిజాం ప్రభుత్వ ఆదరణతో 1888లో ఒకసారి, 1889లో మరోసారి క్లోరోఫారం క్షేమమా కాదా అని పరిశోధక సంఘాలు పరీక్షించాయి. ఆ తర్వాత ఆ మందు గుండెకు చేటు చేయగలదని తేలి, దాన్ని విడిచిపెట్టారు. అంతకన్నా క్షేమమైన మందులు వచ్చాయి. అవి ఇవి:

1. నొప్పి తగ్గించే సూదులు. పెథిడిన్, ట్రమడాల్, పెంటజోసిన్ వంటివి. పిరుదుకో తొడకో వేస్తారు. సుమారు 20 నిమిషాల్లో పని మొదలుపెట్టి రెండు మూడు గంటలు ఉంటుంది. నొప్పి పూర్తిగా పోదు, మొద్దుబారినట్లు ఉంటుంది. తల్లికి కొంచెం కునుకు పడుతుంది. వాంతి, తల తిప్పడం రావచ్చు. ఈ మందు మాయ గుండా బిడ్డకూ చేరుతుంది. పెథిడిన్ వేసిన కొద్ది గంటల్లోనే కాన్పయితే బిడ్డ మగతగా ఉండి, ఊపిరి తీయడం నెమ్మదించవచ్చు. అందుకే కాన్పు దగ్గరపడ్డాక సాధారణంగా దీన్ని వేయరు. బిడ్డకు ఊపిరి అందించే సంచి, ముసుగు సిద్ధంగా ఉన్న చోటే వేయాలి. ఇంట్లో వేయించుకోకూడదు.

2. పీల్చే గ్యాసు. నైట్రస్ ఆక్సైడ్ సగం, ఆక్సిజన్ సగం కలిపిన గాలి ఇది. ఎంటోనాక్స్ అంటారు. కొన్ని ఆసుపత్రుల్లోనే ఉంది. నొప్పి మొదలవగానే తల్లి ముసుగు ముక్కుకూ నోటికీ ఆనించుకుని నిదానంగా గట్టిగా పీలుస్తుంది. అర నిమిషంలో పని చేస్తుంది. ముసుగు తీసేస్తే కొద్ది నిమిషాల్లోనే ప్రభావం పోతుంది. తల తిరగడం, వికారం ఉండవచ్చు. ఒక్క నియమం మరువకండి. ముసుగును తల్లే పట్టుకోవాలి. భర్త గాని, అమ్మ గాని ఆమె ముఖానికి అదిమి పట్టకూడదు. మత్తు ఎక్కువైతే ఆమె చేయి దానంతట అదే జారిపోతుంది. అదే ఆమెకు రక్షణ.

3. వెన్ను మందు. దీన్ని ఎపిడ్యూరల్ అంటారు. నొప్పి తగ్గించడంలో ఇదే అన్నిటికన్నా గట్టిది. మత్తు డాక్టరు నడుము దగ్గర చర్మానికి ముందు మొద్దు చేసి, వెన్నుపూసల మధ్య నుంచి సన్నని గొట్టం పెడతారు. దాని ద్వారా కొద్దికొద్దిగా మందు పంపుతారు. 20 నిమిషాలలోపు నొప్పి బాగా తగ్గుతుంది. తల్లికి స్పృహ ఉంటుంది, బిడ్డ ఏడుపు వింటుంది. కాళ్ళు బరువెక్కుతాయి. రక్తపోటు పడిపోవచ్చు కాబట్టి మాటిమాటికీ చూస్తారు. దురద, చలి, కొద్దిగా జ్వరం రావచ్చు. నూటికి ఒకరికి తర్వాత గట్టిగా తలనొప్పి రావచ్చు, దానికి చికిత్స ఉంది. ముక్కే దశ కొంచెం ఎక్కువసేపు పట్టవచ్చు. రక్తం గడ్డకట్టని జబ్బు ఉన్నవారికి, రక్తం పలచబడే మందులు వాడేవారికి, నడుము దగ్గర పుండు ఉన్నవారికి ఇది వేయరు.

మత్తు డాక్టరు ఉన్న ఆసుపత్రిలోనే ఇది సాధ్యం. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో దొరకదు. పెద్ద ఆసుపత్రులన్నిటిలోనూ ఉంటుందని అనుకోవద్దు. కావాలనుకుంటే ఎనిమిదో నెలలోనే అడిగి తెలుసుకోండి. నొప్పులు పడుతూ ఊళ్ళు తిరగడం క్షేమం కాదు.

4. కుట్లకు ముందు మొద్దు చేసే మందు. కాన్పులో కింది దారి చిరిగినా, కొద్దిగా కోసినా కుట్లు వేయాలి. దానికి ముందు లిగ్నోకేయిన్ అనే మందు సూదితో అక్కడికే వేస్తారు. రెండు మూడు నిమిషాలాగితే మొద్దుబారుతుంది. ఇది ఖరీదు లేని మందు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కూడా ఉండవలసిన మందు. కాన్పు నొప్పే ఓర్చినదానివి, ఈ నాలుగు కుట్లు ఓర్చలేవా అని ఎవరైనా అంటే ఊరుకోకండి. "మొద్దు మందు వేసి కుట్టండమ్మా" అని అడగండి. అడగడం తప్పు కాదు.

ఇవి కాక, గర్భసంచి మూతి వదులు కావడానికని డ్రొటావరిన్ వంటి సూదులు వేస్తుంటారు. అవి బాధను పోగొట్టే మందులు కావు. వేశాక కూడా నొప్పులు ఉంటే మందు పనిచేయలేదని కంగారు పడవద్దు.

మందు లేకుండా తగ్గే బాధ

చాలా ఊళ్ళకు ఇప్పటికీ దగ్గరగా దొరికేవి ఇవే, ఇవి తక్కువవి కావు. మొదటి దశలో తల్లిని పడుకోబెట్టి ఉంచనక్కరలేదు. మెల్లగా నడవవచ్చు, ఒక పక్కకు ఒరిగి పడుకోవచ్చు, కుర్చీ పట్టుకుని ముందుకు వంగవచ్చు. నొప్పి వచ్చినప్పుడు నడుము కింది భాగాన్ని అరచేత్తో గట్టిగా అదిమి రాయండి. గోరువెచ్చని నీటిలో ముంచి పిండిన గుడ్డ నడుముకు పెట్టండి. ముక్కుతో నిదానంగా గాలి పీల్చి నోటితో వదలమని చెప్పండి. మధ్య మధ్య నీళ్ళు, మజ్జిగ వంటివి నర్సమ్మను అడిగి ఇవ్వండి.

అన్నిటికన్నా మించినది తోడు. నమ్మకమైన మనిషి పక్కన ఉన్న తల్లులకు నొప్పి మందుల అవసరం తక్కువగా ఉంటున్నదని పరిశోధనల్లో తేలింది. 2017లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన లక్ష్య కార్యక్రమం కాన్పు గదిలో తోడు మనిషిని ఉంచుకోవడాన్ని ప్రోత్సహిస్తున్నది. అమ్మో, అక్కో, అత్తగారో ఎవరు ఉండాలన్నది చూలాలినే అడగండి. గదికి తెర, చాటు ఉన్న చోట భర్త కూడా ఉండవచ్చు.

అరిచిందని ఆమెను కసరవద్దు. నొప్పికి అరవడం గారాబం కాదు.

బాలింతకు

కాన్పు తర్వాత బిడ్డకు పాలిచ్చేటప్పుడు కడుపులో మెలిపెట్టినట్లు నొప్పి వస్తుంది. గర్భసంచి ముడుచుకుంటున్నదన్నమాట. రెండో కాన్పు, మూడో కాన్పు తల్లులకు ఇది ఎక్కువ. దీనికీ, కుట్ల నొప్పికీ డాక్టరమ్మ పారాసిటమాల్ గాని, ఐబుప్రొఫెన్ గాని రాస్తారు. చెప్పిన మోతాదులో ఇవి పాలిచ్చే తల్లి వాడవచ్చు. కాని కడుపుతో ఉన్నప్పుడు, ముఖ్యంగా ఏడో నెల నుంచి, నడుం నొప్పికని ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్ వంటి బిళ్ళలు దుకాణంలో కొని మింగకూడదు. కడుపులోని బిడ్డ గుండెకూ మూత్రపిండాలకూ చేటు.

మీ ప్రశ్నలు, మా జవాబులు

మా అమ్మలు ఏ మందూ లేకుండా కనలేదా?
కన్నారు. ఆ కాన్పుల్లో పోయినవారూ ఎందరో ఉన్నారు. మందు తప్పనిసరి కాదు, వద్దనుకుంటే మానవచ్చు. కావాలనుకున్న తల్లికి అడిగే హక్కు ఉంది. ఆరోగ్యంగా ఉన్న తల్లి కోరితే వెన్ను మందు గాని, నొప్పి తగ్గించే సూది గాని ఇవ్వవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పింది.

వెన్నులో సూది వేస్తే జన్మంతా నడుం నొప్పి అంటారే?
సూది గుచ్చిన చోట కొద్ది రోజులు నొప్పి ఉంటుంది. జన్మంతా ఉండే నడుం నొప్పికి అది కారణం కాదు. గర్భం మోసినందువల్ల, వంగి బిడ్డకు పాలిచ్చినందువల్ల వచ్చే నొప్పిని ఆ సూదికి అంటగడుతున్నాం.

వెన్ను మందు వేస్తే పెద్దాపరేషన్ అవుతుందా?
దానివల్ల పెద్దాపరేషన్లు పెరగవు.

నొప్పుల భయంతో నేరుగా పెద్దాపరేషన్ చేయించుకుంటే?
అవసరమైనప్పుడు అది ప్రాణదాత. భయానికి మాత్రం మందు కాదు. ఆపరేషన్ రోజు నొప్పి తెలియకపోవచ్చు, తర్వాత కొన్ని వారాలు కోత నొప్పి ఉంటుంది. వచ్చే కాన్పులకూ చిక్కులు పెరుగుతాయి.

ఖర్చు ఎంత?
2011లో మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు, మందులు, పరీక్షలు, రక్తం, తిండి, రానుపోను బండి ఉచితం.

తర్వాతి బిడ్డ గురించి ముందే మాట్లాడుకోండి

నొప్పులు పడుతున్న తల్లిని "ట్యూబులు కట్టించుకుంటావా, కాపర్-టి వేయమంటావా" అని అడిగి సంతకం పెట్టించుకోవడం న్యాయం కాదు. ఆ వేళ ఆమె దేనికైనా సరే అంటుంది. ఎనిమిదో నెలలోనే భార్యాభర్తలు కూర్చుని తేల్చుకుని నర్సమ్మకు చెప్పండి. కాపర్-టి అయితే కాన్పయిన 48 గంటల్లోపు వేస్తారు. ఇక పిల్లలు చాలనుకున్నవారికి కాన్పయిన ఏడు రోజుల్లోపు ట్యూబెక్టమీ చేయవచ్చు. మగవారి కోత లేని వేసెక్టమీ అంతకన్నా తేలిక. అక్కడికే మొద్దు మందు వేసి కొద్ది నిమిషాల్లో ముగిస్తారు. అయ్యా, కాన్పు బాధ మీరు పంచుకోలేరు. ఈ ఒక్కటి పంచుకోగలరు. బిడ్డకూ బిడ్డకూ మధ్య మూడేళ్ళు ఎడం ఉంటే తల్లి ఒళ్ళు కోలుకుంటుంది.

గుర్తుంచుకోండి

1. ఏ సూది వేయబోయినా ఒక్క ప్రశ్న అడగండి: "ఇది బాధ తగ్గించే మందా, నొప్పులు పెంచే మందా?"
2. నొప్పులు పెంచే సూది ఇంట్లో ఎవరు వేస్తానన్నా వద్దనండి.
3. బిడ్డ పుట్టాక ఆసుపత్రిలో వేసే సూది రక్తం పోకుండా కాపాడేది. వేయించుకోండి.
4. కుట్లకు ముందు మొద్దు మందు అడగండి.
5. బాధ తగ్గించే మందు ఏ ఆసుపత్రిలో ఏది దొరుకుతుందో ఎనిమిదో నెలలోనే కనుక్కోండి.
6. తోడు ఎవరు వస్తారో, బండి ఎలా వస్తుందో ముందే అనుకోండి. 108 నంబరు గోడ మీద రాసి పెట్టండి.

ఈ కాగితం చదివాక దాచుకోకండి. మీ ఇంట్లో అత్తగారికి, అమ్మకు చదివి వినిపించండి. నొప్పుల వేళ సూది కోసం మనిషిని పంపేది చాలా ఇళ్ళల్లో వారే.